చర్చి గోడ మీద అమ్మ మొఖం

నిజాం జమానల గద్వాల నుంచి ఒక బొమ్మలాయన వచ్చి మా ఊరి చర్చి గోడ మీద యేసుప్రభువు బంతిభోజనం గీసిండు. ప్రభువు కూడా కింద కూసొని జొన్నరొట్టె తింటుండు. వడ్డించే ఆమెకు మా అమ్మ మొఖం పెట్టిండు. ఆ బొమ్మలాయన మా ఊర్ల ఉన్నన్ని దినాలు రొట్టె పెట్టింది అమ్మనే.

ప్రార్థనకొచ్చినోళ్లు ఆ బొమ్మకు మొక్కుతుంటే అమ్మ పరేషాన్ అయింది. "దేవుని పక్కన కూలిదాని మొఖమేంది? పాపం తగుల్తది" అన్నది.

ఏటా క్రిస్మస్ ముందు చర్చికి సున్నం ఏసేది మా వాడోళ్లే. ఆ ఏడు అమ్మ కుంచె పట్టి, ముందుగాల బొమ్మల ఉన్న తన మొఖం మీదనే పూసింది. ప్రార్థన చేయించే పాస్టరు అయ్యగారన్నా ఆపలే. ఆయన మీద నా కోపం ఇంకా పోలే.

అమ్మ పోయి శానా ఏండ్లాయె. ఒక్క ఫోటో లేదు. ప్రార్థనల అందరూ కండ్లు మూసుకుంటరు. నేను ఆ తెల్లగోడ దిక్కే సూస్త.