జైలు కిటికీ దగ్గర బేరం

ఆ రోజుల్లో నా లెక్క ప్రకారం లోకంలో ప్రతిదానికీ రెండు ధరలుండేవి. ఒకటి చెప్పే ధర, రెండోది ఇచ్చే ధర. తెనాలిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని నేను నేర్చుకున్న చదువంతా ఒక్క ముక్కే: కొనదల్చుకున్న గిన్నె వైపు పొరపాటున కూడా చూడకూడదు. ముందు పెద్ద గుండిగ అడగాలి, దాన్ని చూసి పెదవి విరవాలి, వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ "పోనీ, ఆ చిన్నది ఎంతకిస్తారు?" అనాలి. (అమ్మేవాళ్ళ పిల్లకి కొనేవాళ్ళ విద్య ఎలా అబ్బిందంటారా? రోజంతా వాళ్ళ మధ్యే కూర్చునేదాన్ని మరి.) ఆ విద్యతోనే అమెరికా వచ్చి, ఎమ్మెస్ పూర్తిచేసి, మిషిగన్‌లోని నోవైలో ఇంకో అమ్మాయితో కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న చలికాలంలో జరిగిన సంగతి ఇది.

ఆ అమ్మాయిది నిజామాబాద్. ఎవరు తుమ్మినా డబ్బాలోంచి మాత్ర తీసి ఇచ్చేది కాబట్టి అందరం డాక్టరమ్మ అనేవాళ్ళం. ఆమెకి ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. చేరకపోతే, చదువయ్యాక ఉద్యోగం లేకుండా ఈ దేశంలో ఉండనిచ్చే రోజులు ఆ వారంతో సరి, పెట్టె సర్దుకోవడమే. శుక్రవారం పొద్దున, కొత్త ఆఫీసువాళ్ళు అడిగిన కాగితమేదో తన పాత కాలేజీ నుంచి తెచ్చుకోవడానికి మంచులోనే కారేసుకుని ఉత్తరానికి బయల్దేరింది. దారిలో ఒక పల్లెటూరి బోర్డు పక్కన నిలబడి ఫొటో పంపింది. ఆ తర్వాత పావుగంటకి ఫోను. "ఏయ్, పోలీసోళ్ళు వచ్చిన్రు. నన్ను జైలుకి తీస్కపోతున్రే. నువ్వు..." అంతే, కట్ అయిపోయింది. మళ్ళీ ఎన్నిసార్లు చేసినా మోగలేదు.

ఫొటోలోని ఊరిపేరు పట్టుకుని ఆ కౌంటీ (మన జిల్లాలాంటిది) వెబ్‌సైట్ తెరిచాను. ఈ దేశంలో జైల్లో ఎవరిని పెట్టారో ఎవరైనా చూడొచ్చట. పేరు, ఫొటో, కారణం అన్నీ పెడతారట. అయితే అది పల్లెటూరి కౌంటీ. ఆ పేజీలో కొత్త పేర్లు ఎక్కించి వారం దాటింది. ఎనిమిదిమంది ఉన్నారు, ఎనిమిదిమందికీ గడ్డాలు. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు, బుకింగ్ రికార్డుల కోసం, అంటే ఎవరిని పట్టుకొచ్చారో రాసుకునే కాగితాల కోసం, స్వయంగా కిటికీ దగ్గరికి రమ్మంది. నాకు కారు లేదు. మా మెట్ల కింది ఇంట్లో తెలుగు చర్చి పెద్ద ఒకాయన ఉండేవాడు. నీళ్ళు తాగేముందు కూడా ప్రార్థన చేస్తాడని ప్రేయర్ అంకుల్ అనేవాళ్ళం. సంగతి చెప్పగానే కోటు తొడుక్కుని తాళాలు తీశాడు.

రెండు గంటల దారి. "ప్రభువా, ఆ బిడ్డని కాపాడు" అని ఆయన కళ్ళు మూసుకోబోతే, "అంకుల్, కళ్ళు తెరిచే ప్రార్థించండి, ఐసు!" అని నేను అరవడం. మధ్యమధ్యలో నా భయాలు వరసకట్టేవి. అరెస్టయిందంటే సోమవారం పోయినట్టే. నేనెళ్ళి ఆమె పేరు చెబితే కేసు ఇంకా గట్టిపడుతుందేమో. నువ్వెవరని అడిగి నా పేరు కూడా రాసుకుంటారేమో. "ఎందుకమ్మా ఇన్ని ఆలోచనలు? సూటిగా పేరు చెప్పి అడుగు" అన్నాడు అంకుల్. "మీకు తెలీదంకుల్, మీరు ఊరుకోండి. మనకి కావలసిందేమిటో వాళ్ళకి తెలిస్తే మన పని అయిపోయినట్టే" అన్నాను. పాపం, ఊరుకున్నాడు.

షెరిఫ్ ఆఫీసూ జైలూ ఒకే ఇటుకల భవనం. కిటికీ వెనక ఊలు స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దావిడ, ముందు గిన్నెలో పిప్పర్‌మెంట్లు. నేను గుండిగ అడిగాను. అంటే, "పోయిన ఏడాది మొత్తం బుకింగ్ రికార్డులు కావాలి" అన్నాను. ఏడాది కుదరదంటుంది, నెలకి దిగుతాను, ఆవిడ మూలిగితే వారానికి దిగుతాను, చివరికి విసుగ్గా "పోనీ, ఇవ్వాళ్టివి ఇవ్వండి" అంటాను. ఇదీ నా పథకం.

"ఏడాదివా, హనీ? ఎవరైనా ఒక్కరి కోసమైతే పేరు చెప్పు. ఒక్క నిమిషం పని" అందావిడ.

"లేదు లేదు, ఎవరూ లేరు" అన్నాను.

"సరే అయితే. అడగడం నీ హక్కు" అని ఒక ఫారం నెట్టింది. నా పేరు రాశాను. ఎవరి రికార్డు అన్న గడి ఖాళీగా వదిలేశాను. కారణం రాయనక్కర్లేదని ఆవిడ చెబుతున్నా వినకుండా, అనుమానం రాకూడదని, మా కొట్టుకొచ్చేవాళ్ళు అనే మాటే ఇంగ్లీషులో రాశాను: ఊరికే చూద్దామని. ఆవిడ పేజీకి పావు డాలరు అంది. తగ్గించమన్నాను. తగ్గదంది. "అయితే వద్దులెండి" అని తలుపు వైపు నాలుగడుగులు వేశాను. మా ఊళ్ళో అయితే మూడో అడుగుకే వెనక్కి పిలుస్తారు. ఆవిడా పిలిచింది. "మెట్లమీద ఐసుంది, జాగ్రత్త హనీ!"

తలొంచుకుని తిరిగొచ్చాను. ప్రింటరు మొదలైంది. అది ఒక్కో కాగితం కక్కుతుంటే నేను పావు డాలర్లు లెక్కపెట్టుకున్నాను. అంకుల్ పక్కన నిలబడి పెదాలు కదుపుతున్నాడు. కట్ట చేతికి రాగానే చివరి పేజీ లాగాను. బుధవారం, మంచుమీద నడిపే స్నోమొబైల్ బండి దొంగతనం, ఒకడు. గురువారం, తాగి నడిపినవాడు ఒకడు. శుక్రవారం ఖాళీ.

జైలుకి తీసుకుపోతున్నామన్నవాళ్ళు జైలుకి తీసుకురాకపోతే, మరి ఎక్కడికి తీసుకెళ్ళారు? ఆ మంచులో, ఆ అడవిలో? పొద్దుట్నుంచీ ఆ పేరు అక్కడ ఉండకూడదని మొక్కినదాన్ని, ఉంటే బాగుండని మొక్కాను. (ఏ దేవుడైనా విసుక్కుంటాడు.) "అంకుల్, జైల్లో కూడా లేదంకుల్! అయ్యో, అది జైల్లో కూడా లేదు!" అని తెలుగులో బావురుమన్నాను.

కిటికీ పక్క తలుపు తెరుచుకుంది. కాగితం ప్లేటులో మాకరోనీతో డాక్టరమ్మ.

"ఏందే నీ లొల్లి? లోపలి దాంక ఇనొస్తున్నది. ఇందాక పావు డాలర్ కాడ బేరమాడింది నువ్వేనా? గొంతు గుర్తువట్టిన గానీ, జైల్ల ఎవరు బేరమాడుతరులే అనుకున్న."

కారు జారి కాలవలో పడిందట. కారుని పైకి లాగే టో ట్రక్కు వచ్చేవరకు రోడ్డుమీద ఉంటే గడ్డకట్టిపోతావని, ఊళ్ళో వెచ్చగా ఉండే చోటు ఇదొక్కటేనని ఒక పోలీసు ఇక్కడ దింపాడట. చలికి ఫోను చచ్చిపోయింది. "వాళ్ళ ఫోన్ నుంచి చేయొచ్చుగా!" అన్నాను ఏడుస్తూనే. "నీ నంబర్ ఎవలికి గుర్తుంటదే? అమ్మ నంబరొక్కటే యాదికుంది. జైలుకెల్లి అమ్మకు ఫోన్ చేస్తనా?" అంది.

పెద్దావిడ కళ్ళజోడు మీదినుంచి చూసింది. "ఈ అమ్మాయి కోసమా? పేరు చెప్పుంటే పిలిచేదాన్నిగా, హనీ." అంకుల్ నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ బాధించింది. ఆమె కారుని టో ట్రక్కువాళ్ళకి వదిలేసి, అంకుల్ కారులోనే ముగ్గురం వెళ్ళి, కాలేజీ మూసేలోపు ఆ కాగితం తెచ్చుకున్నాం. సోమవారం డాక్టరమ్మ ఉద్యోగంలో చేరింది. నోవై చేరేవరకు, ఆ కౌంటీలో ఏడాదిలో ఎవరెవరు దేనికి పట్టుబడ్డారో వెనకసీట్లో గట్టిగా చదివి వినిపించింది.

ఇప్పుడు నేను మంచు పడడమే ఎరగని ఎడారి ఊరు చాండ్లర్‌లో ఉంటున్నాను. మొన్న నా పుట్టినరోజుకి డాక్టరమ్మ నుంచి ఒక కవరు వచ్చింది. రికార్డులు అడిగినవాళ్ళ ఫారాలు కూడా ఎవరైనా అడగొచ్చట; నా పేరు చెప్పి సూటిగా అడిగిందట, పాత పెట్టెలో వెతికి కాపీ పంపారట. కారణం దగ్గర, ఊరికే చూద్దామని. ఖాళీగా వదిలేశానని ఇన్నాళ్ళూ నేను చెప్పుకుంటూ వచ్చిన గడి మాత్రం ఖాళీగా లేదు. డాక్టరమ్మ పేరులోని మొదటి అక్షరం రాసి, కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసి ఉంది. కాపీలో నల్లగా పడ్డ ఆ చిన్న చిరుగు మీద వేలు పెట్టి, ఫారం నింపిన ఆనాటి పిల్లని, అంటే నన్నే, తలుచుకుని కాసేపు నవ్వుకున్నాను. గిన్నె వైపు చూడనే చూడలేదనుకుంది, పిచ్చిది.