పక్కింటి సార్ అడిగిన ఆకు

పక్కింటి సార్ పోయారని ఆయన భార్య గోడ మీదుగా చెప్పినప్పుడు నేను ఆయన కుండీకి నీళ్ళు పోస్తున్నాను. చెంబులో మిగిలిన నీళ్ళు పోయాలో ఆపాలో తెలియలేదు.

ఆయన మా ఆర్మూర్ కాలేజీలో మొక్కల పాఠం చెప్పేవారు. రిటైరయ్యాక పసుపు చుట్టాలను వెతకడమే పని. ఒకసారి మామిడి అల్లం కొమ్ము నా చేతిలో పెట్టారు.

"అక్కా, ఇది అల్లం గాదు. పసుపుకు చెల్లె."

"మామిడికాయ వాసనొస్తుంది గద సార్?"

"వాసన జూసి చుట్టరికం కలుపుతరా? గట్లయితే అత్తరు అమ్మెటోడు ఊరందరికి చుట్టమే."

మరి ఎట్లా తెలుస్తుందంటే, ఆకులో డీఎన్ఏ అనే రాత ఉంటుందన్నారు. "అండ్ల రైబోసోమల్ డీఎన్ఏ అనే భాగంల పనిచేసే ముక్కలుంటయి. అవి మారితే మొక్కకు కష్టం, అందుకే అంతటా దాదాపు ఒక్క తీరే ఉంటయి. వాటి నడుమ స్పేసర్ అని ఖాళీ ముక్కలు. అవి మారినా అడిగెటోళ్ళు లేరు. చుట్టరికం ఆడనే దొరుకుతది."

"మా ముసలోళ్ళ తీరు. పని లేదు, అడిగెటోళ్ళు లేరు."

"గందుకే ఇంట్ల ఎవరికి ఎవరేమైతరో నీకే తెలుస్తది."

ధర్పల్లి దిక్కు నుంచి తెచ్చిన ఒక అడవి కొమ్ము ఎవరి చుట్టమో ఆయనకు అంతుబట్టలేదు. తన వాకిలంతా సిమెంటని మా ఇంట్లో కుండీలో పెట్టారు. మొలక రాకముందే దవాఖానలో చేరారు. అక్కడి నుంచీ ఫోనే.

"ఆకొచ్చిందా అక్కా?"

"రాలే సార్. మురిగిందో ఏమో."

"వస్తది. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకుండా ఉండడం నాకు రాదు. మేకలకు భయపడి బుట్ట బోర్లించాను, గాలాడదని మళ్ళీ తీశాను. ఆయన పోయాక గానీ ఆకు రాలేదు. వచ్చింది ఒక్కటే.

ఆయన దగ్గర చదివి ఇప్పుడు హైదరాబాద్ ల్యాబ్‌లో పనిచేస్తున్న అమ్మాయి కబురందుకుని దానికోసం వచ్చింది.

"గోరంత ముక్క చాలవ్వా."

"ఉన్నదే ఒక్క ఆకు బిడ్డా. చచ్చిపోతే?"

"ఏం గాదవ్వా."

"సార్ గూడ దవాఖానకు పోయేటప్పుడు గిదే మాటన్నరు."

ఆ పిల్ల కత్తెర నా చేతిలో పెట్టి పక్కన కూర్చుంది. ఇది కొయ్యకపోతే, ఎవరి చుట్టమని సార్ అడిగిన మాటకు జవాబు రాదు. కొస పట్టుకుని కోశాను. తేమ లాగే తెల్లగింజల పొట్లంతో పాటు ఆ ముక్కను డబ్బీలో వేసుకుని, ఆమె బస్సుకు వెళ్ళిపోయింది.

కోసిన అంచున ఒక నీటిబొట్టు ఊరింది. ఆకు వణికినప్పుడల్లా అది ఆ అంచు చివరిదాకా జారి, పడకుండా అక్కడే ఆగుతోంది.