నంబరు విప్పిన జెర్సీలు

మా పీడీ సారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను ప్రాక్టీసుకు బయల్దేరుతూ షూ లేసు కట్టుకుంటున్నాను. తాడేపల్లిగూడెంలో వాళ్ళింట్లోనే గుండె ఆగిపోయిందట. "సరే" అని ఫోను పెట్టేసి రెండో లేసు కూడా కట్టుకున్నాను. ఎందుకు కట్టుకున్నానో తెలియదు. పన్నెండు రోజులైంది. ఏడుపు ఇంకా రాలేదు.

సారు వట్లూరులో మా కాలేజీకి ఆటల మాస్టారు. రోజూ గూడెం నుంచి పాసింజరు బండిలో వచ్చేవారు. అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీము ఆయన పెట్టిందే. విజిల్ వాడేవారు కాదు. తాళాల గుత్తితో స్తంభం మీద టంగుమని కొడితే ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోవాలి. కొట్టి కొట్టి వంకరపోయిన ఆ తాళాలతో ఇంటి తలుపు ఎలా తెరిచేవారో ఆ ఇంటివాళ్ళకే తెలియాలి. తిట్టడం చేతకాదు. పాస్ ఇవ్వకపోతే "ఏవమ్మా, బంతి నీ ఒక్కదానిదేనా?" అనేవారు. రెండు దెబ్బలు వేసినా బాగుండును అనిపించేది.

ఏటా మార్చిలో, వెళ్ళిపోయే సీనియర్ల జెర్సీలు ఉతికించి ఏలూరులో మా నాన్న టైలరు షాపుకు తెచ్చేవారు. వెనక కుట్టిన అంకెలు విప్పించి, ఎవరిది వాళ్ళకు కవరులో పెట్టి ఇచ్చేవారు. "నంబరు వాళ్ళదండీ. బట్ట మనది," అనేవారు నాన్నతో. కొత్తవాళ్ళలో ఎవరికి ఏ నంబరు కుట్టాలో జూలైలో వచ్చి చెప్పేవారు.

ఎలా తేల్చేవారో నేను చేరిన ఏడాదే చూశాను, చూసి కూడా అర్థం చేసుకోలేదు. కోర్టు ప్రహరీ అవతల వరిచేను. సారు కావాలనే బంతి గోడ మీదుగా విసిరారు. నేను దూకి, మోకాళ్ళ దాకా బురదతో తెచ్చాను. "తొమ్మిది," అన్నారు. అదే నా నంబరు. ఆ రోజు బంతి ఎందుకు విసిరారని కిందటి సంవత్సరం ధైర్యం చేసి అడిగితే, "షాట్లు నేను నేర్పుతానమ్మా. బంతి కోసం వెళ్ళడం ఎవరూ నేర్పలేరు," అన్నారు.

ఈ మార్చిలో అయిదుగురు సీనియర్లు ఒక్కసారే వెళ్ళిపోయారు. మిగిలింది నేను, సెకండియర్ అమ్మాయి. కొత్తగా చేరినవాళ్ళు నలుగురు. వాళ్ళలో ఇద్దరికి బంతి చేతిలో నిలవదు. వీడ్కోలు రోజున "ఇప్పుడెలాగండీ?" అంటే సారు నవ్వి, "ముందు పరిగెత్తండమ్మా," అన్నారు. జూలై వచ్చింది. నంబర్లు చెప్పడానికి ఆయన రాలేదు.

కిందటి గురువారం ప్రిన్సిపాల్ గారు పిలిచారు. గూడెం టోర్నమెంటు ఫారం శనివారంలోగా ఇవ్వాలట. "సారు లేరు, సీనియర్లూ లేరు. ఈ ఒక్కసారికి వదిలేద్దామా అమ్మా?" అని మెత్తగానే అడిగారు. ఒక్క సంవత్సరం టీము వెళ్ళకపోతే కోర్టును బస్సులు నిలపడానికి తీసేసుకుంటారని సారుకు ఎప్పుడూ భయం. ఫారం తీసుకున్నాను. పేరు పక్కన జెర్సీ నంబరు రాయమని ఉంది.

శుక్రవారం సాయంత్రం బంతిని గోడ అవతలికి విసిరాను. నలుగురూ నాకేసి చూశారు. ఎవరూ కదల్లేదు. ఇక ఫారం తిరిగి ఇచ్చేయడమే అనుకున్నాను. అప్పుడు అందరిలోకీ పొట్టిది, కొల్లేరు పక్క ఊరి నుంచి వచ్చే అమ్మాయి, షూ విప్పి గోడెక్కింది. వెనకే ఇద్దరు దూకారు. నాలుగో అమ్మాయి బంతి అందుకోవడానికి గోడ దగ్గర చేతులు చాపి నిలబడింది.

చేను రైతు గట్టు మీద ఉన్నాడు. ఇన్నేళ్ళూ "ఇది చేనండీ, గ్రౌండు కాదండీ" అని సారుతో గొడవపడిన మనిషి.

"సారు గారు ఏరమ్మా?" అన్నాడు.

"లేరండీ. పోయారండీ."

ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి. ఆయన గట్టు దిగాడు. తర్వాత బంతి తీసుకుని, తువ్వాలుతో బురదంతా తుడిచి ఆ పొట్టిదాని చేతికిచ్చాడు.

"పదకొండు," అన్నాను ఆ అమ్మాయితో.

"పదకొండేంటక్కా?"

మిగతా ముగ్గురికీ చెప్పాల్సిన అంకెలు చెప్పి, శనివారం ఫారం ఇచ్చేశాను. ఆరు పేర్లు. గెలుస్తామని నేననుకోవడం లేదు.

నిన్న నాన్న షాపులో నంబర్లు కుడుతున్నాడు. జెర్సీలన్నీ ఎండకు వెలిసిపోయాయి. పాత అంకెలు ఉన్నచోట మాత్రం బట్ట ఇంకా ముదురు నీలంగా ఉంది.

"పాతది కనబడకుండా పెద్ద అంకె వెయ్యనా?" అని అడిగాడు.

"వద్దు నాన్నా."

"మరి ఈ అయిదోదానికి?"

"ఉండనివ్వు. ఇంకెవరైనా గోడ దూకుతారేమో."

దాన్ని కొక్కేనికి తగిలించాడు. ఫ్యాను గాలికి అది అటు తిరిగినప్పుడల్లా, విప్పేసిన ఎనిమిది అంకె ముదురు నీలంలో కనబడుతోంది.