రిఫ్యూజల్ అంటే

ఆ వానాకాలం ముంచింగిపుట్టు బస్సులో నా ముందు సీటు ఇంజనీరు ఎవరితోనో ఫోన్‌లో హిందీలో గట్టిగా మాట్లాడుతున్నాడు. గెడ్డ మీద కొత్త వంతెనకు పునాది స్తంభాలను యంత్రంతో భూమిలోకి దిగగొట్టించే పని అతనిది. "రిఫ్యూజల్ వచ్చేసింది, ఆపేయండి" అన్నాడు.

"వంతెన రిఫ్యూజ్ చేసీసారట" అని వెనక నుంచి ఎవరో అన్నారు. బస్సులో గోల మొదలైంది. పక్క సీట్లోని గిరిజన స్త్రీ లేచి అతని మణికట్టు పట్టుకుంది.

"మా వంతెన ఆపీమన్నావేటి? పోయినేడు గెడ్డ పొంగితే దాటలేక, మా కోడలు ఆస్పత్రికి సేరకుండా డోలీలోనే పోయింది."

అతనికి తెలుగు రాదు. నలుగురు లేచి అతన్ని చుట్టుముట్టారు. ఆ మాటకు అర్థమేమిటని నేను హిందీలో అడిగాను. అతను చెప్పింది విని, నిరాకరణ అనబోయి ఆగిపోయాను. ఆ మాట అంటే అతన్ని కొట్టేసేవాళ్లే.

"స్తంభం కింద బండకి ఆనిందమ్మా. ఇక దిగనివ్వనని బండే కాదంటోంది, దాన్నే వీళ్లు రిఫ్యూజల్ అంటారు. అందుకే కొట్టడం ఆపమన్నాడు. వంతెన ఆపమనలేదు, బండ మీద అది ఇంకా గట్టిగా నిలుస్తుంది."

"నువ్వు మార్చి సెప్పట్లేదు కదా?" ఆమె చెయ్యి వదల్లేదు.

మళ్లీ అడిగాను. ఈసారి అతను రెండో చేతి పిడికిలిని సీటు కడ్డీ మీద ఆనించి, ఎంత అదిమినా దిగదని చూపించాడు. ఆమె కాసేపు ఆ పిడికిలినే చూసి, మణికట్టు వదిలేసింది.

దిగేటప్పుడు నా దగ్గర ఆగింది.

"రాయి కాదంటే మంచిదే బాబూ. మనుసులే కాదనకూడదు."