నవ్వుతూ చెప్పిన మాట

బావ అడిగినప్పుడు నేను నిజమే చెప్పాను. ఎవరైనా నిలదీస్తే ఆ ముక్కే చెప్పి తప్పించుకుందామని చాలాకాలం సిద్ధంగా ఉన్నాను. తీరా చూస్తే అది చెప్పిన తీరులోనే ఉంది నా తప్పంతా.

మాది రైతు కుటుంబం. నేనొక్కణ్ణే పొలం వదిలేసి నరసన్నపేటలో బియ్యం కొట్టు పెట్టుకున్నాను. అక్కని శ్రీముఖలింగం దగ్గర పల్లెలో ఇచ్చారు. బావ వరి పండిస్తాడు. అక్కకి రెండు పాడిగేదెలు ఉండేవి. ఆ పాల డబ్బు పూర్తిగా ఆవిడది, కావలసివస్తే బావ కూడా అడిగి తీసుకోవాల్సిందే. నేను ఎప్పుడు వెళ్లినా చిక్కటి పాలతో టీ పెట్టి, తిరిగి వచ్చేటప్పుడు గిన్నెడు పెరుగు చేతిలో పెట్టి పంపేది.

ఒక ఏడు కోతలకు ముందు బావ మా కొట్టుకొచ్చి, బస్తా మీద కూర్చుని తన ఆలోచన చెప్పాడు. పైపొట్టు మాత్రమే తీసే చిన్న మిల్లు కొంటాడట. తన ధాన్యం తనే ఆడించి, దంపుడు బియ్యమని శ్రీకాకుళం, విజయనగరం తీసుకెళ్లి అమ్ముతాడట. పొద్దున్నే నడకకి వెళ్లే షుగరు మనుషులందరికీ ఇప్పుడు ఆ బియ్యమే కావాలట. మిల్లు కొనడానికి అక్క గేదెల్ని అమ్మాలి. తమ్ముడు సరేనంటే అమ్ముతానని అక్క మాటిచ్చిందట.

"ఇది నడుస్తాదా నడవదా, నువ్వే సెప్పాల. బియ్యం గురించి నీకు తెలిసినట్టు మాకేటి తెలుస్తాది?" అన్నాడు.

ఆలోచన మంచిదే. నిజానికి చాలా మంచిది. ఒక్కటే చిక్కు. తవుడు తీయని బియ్యం మన ఎండలకి, మన తేమకి నిలవుండదు. రెండు మూడు నెలలకే పురుగు పడుతుంది, ముక్కిన వాసన వస్తుంది. నేనూ ఒకసారి అలాంటి బియ్యం నాలుగు బస్తాలు తెచ్చి, చివరికి పశువుల కుడితిలో పోయించాను. అందుకే ధాన్యాన్ని ధాన్యంగానే ఉంచుకుని, ఎవరికి ఎంత కావాలో అంతే ఆడించి ఇవ్వాలి. ఇంత చిన్న సలహా. చెప్పడానికి నిమిషం పట్టదు.

నేను చెప్పిందేమిటంటే, "నీ బియ్యం జనాల కన్నా ముందు పురుగులే తినేస్తాయి బావా. ఆటికి సుగరు రోగం లేదు కదా, బాగా బలుస్తాయి."

బావ పగలబడి నవ్వాడు. నా కొట్టులో పురుగులకేం తక్కువని ఎదురు దెబ్బ కొట్టాడు. ఇద్దరం టీ తాగాం. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

మాలో బావాబావమరుదులు తిన్నగా మాట్లాడుకోరు. పెళ్లి పందిట్లో మొదలయ్యే వేళాకోళం తలలు నెరిసినా ఆగదు. ఇద్దరూ ఓ పూట మామూలుగా మాట్లాడుకుంటే, ఏమైనా గొడవపడ్డారా అని పెద్దవాళ్లు అడుగుతారు. ఆ అలవాటు వల్లే అలా అన్నానని చాలాసార్లు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కానీ అలవాటు ఒక్కటే కాదు. సీరియస్‌గా చెబితే, అయితే నువ్వే దగ్గరుండి చూడు అంటాడని భయం. వద్దంటే అడ్డుపడ్డానన్న పేరొస్తుంది. పైగా ఇన్నేళ్లుగా బియ్యంలోనే బతుకుతున్న నాకు రాని ఆలోచన పొలం దున్నుకునే మనిషికి వచ్చిందే అన్న కుళ్లు కూడా కాస్త ఉంది. నవ్వుతూ అనేస్తే ఏదీ నా నెత్తి మీదకి రాదు. మంచి జరిగితే నవ్వులాటకన్నాను, చెడు జరిగితే ముందే చెప్పాను.

గేదెల్ని అమ్మేశారు. మిల్లు వచ్చింది. సంక్రాంతి దాటాక ఓ ఆదివారం భోజనానికి పిలిస్తే వెళ్లాను. ఖాళీ అయిన పశువుల పాకలో గోడ ఎత్తున బియ్యం బస్తాలు. కొత్త మిల్లు సంబరంలో పంటంతా ఒకేసారి ఆడించేశాడు. బస్తా బస్తాకీ చెయ్యి ఆనించి మరీ చూపించాడు. అప్పుడైనా చెప్పి ఉంటే, ఉన్నది వెంటనే తక్కువకైనా వదిలించుకోమని చెప్పి ఉంటే, సగమైనా దక్కేది. నేను మాత్రం ఈ పాకలో పాత కాపురస్తుల కంటే కొత్తవాళ్లు లావుగా ఉన్నారన్నాను. ఆ మాటకీ నవ్వాడు. అక్క లోపల వడ్డిస్తోంది.

ఉగాది దాకా బాగానే అమ్మాడు. తర్వాత ఎండలు ముదిరాయి. కొన్నవాళ్లు ఒక్కొక్కరే సంచులు వెనక్కి తెచ్చి ఇచ్చారు. తొలకరి నాటికి పాకలోకి అడుగుపెడితే వాసన. బస్తా మూతి విప్పితే బియ్యం కదులుతున్నాయి. ఆ తర్వాత ఆ బియ్యం ఎవరూ కొనలేదు, మిల్లు కూడా ఆగిపోయింది.

సంగతి తెలిసి వెళ్లాను. బావ ఇంట్లో లేడు. అక్క టీ పెట్టింది. పొయ్యి గట్టు మీద కత్తిరించిన పాల ప్యాకెట్టు కనిపించింది. ఆ ఇంట్లో పాలు కొనడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. గ్లాసు అందుకుంటూ, నేను ఆ రోజే చెప్పాను కదా అక్కా, బావే వినలేదన్నాను.

అక్క ఆ పాల ప్యాకెట్టు మడిచి పక్కన పెట్టింది. తర్వాత అంది.

"సెప్పినావు. నవ్వుతా సెప్పినావు. తమ్ముడు నవ్వినాడు, అంటే పర్లేదన్నట్టేనని ఇంటికొచ్చి మీ బావ సెప్పినాడు. ఆ మాట మీదే గేదెల తాళ్లు ఇప్పి ఇచ్చినాను."

ఆ టీ ఎలాగో తాగాను. పాకవైపు చూడలేకపోయాను.

వారం తిరక్కుండా మళ్లీ వెళ్లాను. ఈసారి బావ ఉన్నాడు, అరుగు మీద ఖాళీ సంచులు దులుపుతున్నాడు. తప్పు నాదే బావా, తెలిసి కూడా సరిగ్గా చెప్పలేదు, అనాలి. దారి పొడవునా ఆ ముక్కే అనుకుంటూ వచ్చాను. అతని ఎదురుగా నిలబడి నోరు తెరిస్తే, "ఏటి బావా, పురుగులు బాగా బలిసినాయా?" అన్నాను.

బావ తలెత్తి చూసి, అలవాటుగా కొంచెం నవ్వాడు. నేనూ నవ్వాను. గుమ్మంలో నిలబడి ఉన్న అక్క నవ్వలేదు.