ఉద్ధరిణితో పోసిన శానిటైజర్

పోయిన వారం కుందలహళ్ళిలో మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంటుకు వెళ్ళినప్పుడు, లిఫ్టు పక్కన కాలితో తొక్కే శానిటైజర్ స్టాండు ఒకటి తుప్పు పట్టి కనిపించింది. ఎవరో దానికి తడి గొడుగు తగిలించి పోయారు. అలవాటు కొద్దీ తొక్కాను, కీచుమంది తప్ప చుక్క రాలలేదు. మనవరాలు నవ్వింది గానీ, నాకు మాత్రం కె.ఆర్.పురంలో మా ఇంటి గేటు, ఆ కరోనా ఏటి ఎండాకాలం కళ్ళకు కట్టాయి. మీలో చాలామందికి ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుందని నాకు తెలుసు. నాకైతే ఆ జలదరింపు వెనకాలే, హమ్మయ్య అని ఒక నిట్టూర్పు కూడా వస్తుంది.

అప్పటికి నేను ఫార్మసీ కాలేజీ ల్యాబు ఉద్యోగం నుంచి రిటైరై రెండేళ్ళు. మా వీధి చివర రేకుల ఇళ్ళలో పూలమ్మేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, తాపీ పనివాళ్ళు ఉండేవారు. మూడు రోజులకోసారి కొళాయి వస్తే తాగడానికి బిందెలు నింపుకోవడమే గగనం, ఇక గంటకోసారి సబ్బుతో చేతులు కడుక్కోమని టీవీలో ఎంత మొత్తుకున్నా ఏ నీళ్ళతో కడుగుతారు పాపం! అంగళ్ళలో శానిటైజర్ దొరకదు, దొరికినా అరచేయంత సీసా ధర వింటే గుండె గుభేలుమనేది. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది, మంచి స్పిరిట్టు, కాస్త గ్లిజరిన్, కాస్త పెరాక్సైడు, కాచి చల్లార్చిన నీళ్ళు, కొలత తప్పకపోతే చాలు, నేనే చేస్తానని కొంగు బిగించాను. పాత పరిచయమున్న కెమికల్ షాపాయన సీలున్న క్యాను లాభం చూసుకోకుండా ఇచ్చాడు. మా మరిది దాన్ని మిద్దె మీదికి మోస్తే, పొయ్యి దరిదాపుల్లో లేకుండా అక్కడే కలిపాం.

కలపడం సరే, పోసేది దేంట్లో? పంపు మూతల సీసాలకు ఊరంతా కరువు. మరిది తాగి పారేసిన నీళ్ళ సీసాలు కడిగి తెస్తే, దాహానికి ఎవరైనా తాగితే ఏం గతి అని ఇంతెత్తున లేచాను. చివరికి మూత బిగువుగా పట్టే స్టీలు డబ్బాలో పోసి, పూజగదిలోని స్టీలు ఉద్ధరిణితో కొలిచి చూస్తే, ఒక్క ఉద్ధరిణి రెండు చేతులకూ సరిగ్గా సరిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను! మర్నాటి నుంచి పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, వచ్చిన వాళ్ళందరికీ తలా ఒక ఉద్ధరిణి పోసేదాన్ని.

వారం తిరిగేసరికి స్పిరిట్టు అడుగంటింది. హూడి వైపు పెయింట్లలో కలిపే థిన్నరు అమ్మేవాడెవడో చవగ్గా ఇస్తానంటే మరిది రెండో క్యాను తెచ్చాడు. దానికి సీలూ లేదు, పేరూ లేదు, మూత తీయగానే నా ముక్కు ఒప్పుకోలేదు. ఇందులో మిథైలు కలిసి ఉంటే, కడుపులోకి పోయినవాళ్ళకు కళ్ళు పోతాయి, ప్రాణమూ పోతుంది, ముట్టుకోవద్దని మిద్దె మీద మూలన పెట్టించాను.

ఆ మర్నాడే జరిగింది. మా అత్తగారు ఎనభై దాటిన మనిషి, ఒక కన్ను ఎప్పుడో పోయి, మిగిలిన కంటితోనే నెట్టుకొస్తూ ఉండేది. నెల రోజులుగా గడప దాటని ఆవిడ ఆవేళ కాస్త ఎండ తగలాలని గేటు దాకా వచ్చింది. నేను పూలామెతో మాట్లాడుతూ, ముందుకు చాచిన చేతిలో ఎవరిదో కూడా చూడకుండా ఒక ఉద్ధరిణి పోశాను. ఆవిడ చేయి కింద కొంగు పట్టుకుని, భక్తిగా జుర్రుకుని, తడి చేయి నడినెత్తిన రాసుకుంది.

“ఏందమ్మా ఇది, తీర్థం ఇంత ఘాటుగా ఉండాది? పచ్చకర్పూరం ఎక్కువేసినారా?” అని దగ్గింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. నోరు పుక్కిలింపించి డాక్టరుకు ఫోన్ చేస్తే, ఏ స్పిరిట్టమ్మా అని ఆయన ఒకటే ప్రశ్న. పొద్దున డబ్బా నింపింది మరిది, ఆ మరిది ఇంట్లో లేడు, ఫోన్ ఎత్తడు. మోకాళ్ళ నొప్పి మరిచి మిద్దెక్కి చూస్తే, మూలన ఉండాల్సిన రెండో క్యాను లేదు! నా చేతులతోనే ఆవిడకున్న ఒక్క కన్నూ తీసేశానా దేవుడా అనుకుంటూ దిగొచ్చి, ఆసుపత్రికి బయల్దేరదీసి ఆవిడకు చెప్పులు తొడుగుతుంటే మరిది స్కూటరు ఆగింది.

“ఆ క్యాను వద్దని నువ్వే అంటివి గదా వదినా, పొద్దున్నే వాపసు ఇచ్చేసి వచ్చినా. డబ్బాలో పోసింది మంచిదే, పాత క్యాను అడుగున ఉన్నదంతా వంచినా” అన్నాడు.

గేటు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చేశాను. మంచి స్పిరిట్టయితే ఒక్క ఉద్ధరిణికి భయం లేదు, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండమన్నాడు డాక్టరు. ఆవిడ సుబ్బరంగా సంగటి తిని కూర్చుంది. నేను మాత్రం అరగంటకోసారి ఎదుట నిలబడి వేళ్ళు చూపించి ఎన్ని అని అడగడం, “నాలుగే, నాకు లెక్క రాదనుకుంటివా?” అని ఆవిడ విసుక్కోవడం. ఆ విసుగు వింటుంటే ఎంత హాయిగా ఉండేదో!

మర్నాడు పాత షాపాయన దగ్గరే మరో సీలున్న క్యాను తెప్పించి, అప్పటి నుంచి మందులో నీలం రంగు కలిపాను, ఎందుకంటే నీలం తీర్థం ఏ గుళ్ళోనూ ఇవ్వరు. వీధి మొదట్లో మూతపడిన హోటలాయన నొక్కితే చుక్కలు పడే సాస్ సీసాలు డజను ఇచ్చాడు. ఆ నీలం చుక్కలతోనే మా వీధి ఆ ఎండాకాలం గడిపింది, రేకుల ఇళ్ళలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అది నా మందు గొప్పని అననుగానీ, ఆ తృప్తి మాత్రం నాదే.

అంతా సద్దుమణిగాక ఒకరోజు, ఏమిటని అడగకుండా అలా ఎలా తాగేశారత్తా అని అడిగాను. “నువ్వు పోసినావు, నేను తాగినా. అడిగేదేముండాది?” అంది.

రెండేళ్ళ కిందట ఆవిడ ఉన్న కంటి చూపుతోనే, నిద్రలోనే వెళ్ళిపోయింది. ఇప్పుడు మా ఇంట్లో నేను తలనొప్పి మాత్ర ఇచ్చినా, పిల్లలు పేరు ఫోనులో కొట్టి చూశాకే మింగుతారు. అది మంచిదే, అలా చూసుకోవాలని నేర్పింది కూడా నేనే. కానీ ఏమీ అడగకుండా నా ముందు చాచిన చేయి మాత్రం, ఆవిడ తర్వాత నాకు మరొకటి కనబడలేదు.