పెట్టె లోపలి వెలుతురు

ఈ మాట ఇన్నేళ్ళూ గుండెల మీద బరువులా మోశాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను. నర్సీపట్నంలో ఎరిగినవాళ్ళకి నేను మంచివాణ్ణే.

అప్పట్లో పోర్టులో ఖాళీ కంటైనర్లు, అంటే ఓడల్లో సరుకు పంపే పెద్ద ఇనప పెట్టెలు, తనిఖీ చేసే పని నాది. జోడీగా చేయాలి. నా జోడీ అప్పలనాయుడు, రోలుగుంట మనిషి. నాకు ఆ పని ఇప్పించిందే అతను. చుట్టరికం లేదు, పిలుపుకి బావ. ఒకరు లోపలికి వెళితే రెండోవారు బయటినుంచి తలుపు మూసేస్తారు. కటిక చీకటి. ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తే అక్కడ చిల్లున్నట్టు. లేకపోతే లోపలి మనిషి తలుపు తడతాడు. బయటి మనిషి తలుపు మీది కోడ్‌ని స్కాన్ చేసి 'బాగుంది' అని నొక్కుతాడు. కంప్యూటర్లో పడేది స్కాన్ చేసినవాడి పేరొక్కటే.

ఆ రోజు ఎండ మండిపోతోంది. లోపల ఊపిరాడలేదు. పైకి చూడకుండానే తలుపు తట్టేశాను. బద్ధకమా? ఏమో, ఎవరికి తెలుస్తుందిలే అన్న ధీమా కూడా ఉండే ఉంటుంది.

అందులో జీడిపప్పు వెళ్ళింది. కప్పు చిల్లులోంచి వాన దిగి సరుకంతా బూజు పట్టింది. ఆఫీసరు ఇద్దర్నీ పిలిచాడు. బావ జరిగింది జరిగినట్టు చెప్పాడు. తర్వాత నన్నడిగాడు.

"నేను దాన్లోకి ఎల్లనేదండి. నన్ను పంపకుండానే స్కాన్ కొట్టీసాడు" అన్నాను.

బావ నా వైపు తిరిగాడు. "ఏట్రా, ఎల్లనేదా? నా సేత్తోనే కదరా తలుపేసినాను. నువ్వు తడితేనే కదా స్కాన్ కొట్టినాను. సెప్పు."

"నేదు బావా."

ఆఫీసరు కంప్యూటర్లో చూశాడు, ఉన్నది బావ పేరొక్కటే. బావ నన్ను తిట్టినా బాగుండేది. ఆ రోజే అతని ఉద్యోగం పోయింది.

కొన్నాళ్ళకి నేనూ మానేసి వచ్చేశాను. ఇక్కడ నర్సీపట్నంలో ఒక అద్దె గదిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. బావ జీడితోటల్లో కూలికి వెళుతున్నాడట. రోలుగుంట బస్సు కనబడితే పక్క సందులోకి తప్పుకుంటాను. ఎదురుపడి పలకరిస్తే ఏం చెప్పాలి? పలకరించకుండా వెళ్ళిపోతే? ఎవరితోనూ స్నేహం చేయలేకపోయాను, స్నేహితుణ్ణి నేనేం చేశానో నాకు తెలుసు గనక.

నా గదికి రేకుల కప్పు. మధ్యాహ్నం తలుపేసుకుంటే మేకు చిల్లులోంచి వెలుతురు పడుతుంది. తలెత్తితే చాలు, కనబడుతుంది. ఆ రోజు కూడా అంతే కదా.

బావ దగ్గరికి వెళతానో లేదో తెలీదు. ధైర్యం వచ్చిందని అబద్ధం చెప్పను. మీతో మాత్రం చెప్పేస్తున్నాను. నేను లోపలికి వెళ్ళాను. పైకి చూడలేదు. తలుపు తట్టింది నేనే.